మునులందరూ ఒకే గడిలో

మా ప్రెస్సులో తలుపుల్లేని బీరువా ఒకటి ఉంది. పైనుంచి కిందికి పద్దెనిమిది సొరుగులు, ప్రతి సొరుగులో చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో రకం సీసం అక్షరాలు. తిరుపతి చుట్టుపక్కల సగం పెళ్ళిపత్రికలు ఒకప్పుడు ఇందులోంచే పుట్టాయని మా నాన్న సుభాన్ బాషా చెప్తాడు. ఆ ఒకప్పుడు అయిపోయి పదహారేళ్ళయింది. ఇప్పుడు పత్రికలన్నీ కంప్యూటర్లో నేనే తయారు చేస్తాను. అయినా ఆయన శుక్రవారం శుక్రవారం ఆ బీరువాను గుడ్డతో తుడుస్తాడు. నా కంప్యూటర్ను మాత్రం ఇంతవరకు ఒక్కసారి తుడిచిన పాపాన పోలేదు.

నా పేరు సబియా. బీసీఏ చదివాను, ఫస్టు క్లాసు. మా ప్రెస్సు గది పది అడుగులకు పన్నెండు అడుగులు. అందులో ఒక గోడంతా ఆ బీరువాదే. నా కంప్యూటర్కు తొమ్మిదేళ్ళు. మీట నొక్కి, వీధి చివర టీ తాగి, అంగడివాడితో నాలుగు మాటలు మాట్లాడి వస్తే అప్పటికి నిద్ర లేస్తుంది. కొత్త కంప్యూటర్, దాని పక్కన పెద్ద కలర్ ప్రింటర్ పెట్టాలంటే నాకు ఆ గోడ కావాలి. ఆరు నెలలు పోట్లాడాను. అలిగాను. రెండు పూటలు అన్నం కూడా మానేశాను. మూడో పూట అమ్మీ బిర్యానీ చేసింది కాబట్టి అది లెక్కలోకి రాలేదు.

చివరికి మా నాన్న ఒక మెట్టు దిగాడు. "సరే బేటీ. బుధవారం కుప్పయ్యన్న పని ఉండాది గదా. రాహుకాలం లోపల నీ మిషను ఆ పని చేసి చూపిస్తే బీరువా ఎత్తిచ్చేద్దాం. చెయ్యలేదనుకో, ఇంగ నేను బతికుండగా దాని మాటెత్తగూడదు" అన్నాడు.

నేను అక్కడికక్కడే చేతిలో చెయ్యి వేశాను. ఆ సాయంత్రమే రేణిగుంటలో పాత సామాన్లు కొనే మునస్వామికి ఫోన్ చేసి, బుధవారం మధ్యాహ్నానికి ఆటో తీసుకుని రమ్మని చెప్పాను. నాకు అంత ధీమా.

కుప్పయ్య మామది వడమాలపేట. మామిడి తోటలున్నాయి, మీసాలున్నాయి, ఒక వింత అలవాటు కూడా ఉంది. తనకు ఎవరు ఏ పత్రిక ఇచ్చినా పారెయ్యడు. పెళ్ళి, గృహప్రవేశం, చెవులు కుట్టడం, పుష్పవతి ఫంక్షన్, ఏదైనా సరే గోనెసంచిలో వేసి అటక మీద పెడతాడు. ముప్పై ఏళ్ళుగా పెడుతున్నాడు. మనల్ని పిలిచినవాళ్ళను మనం పిలిచి తీరాలి, ఒక్కరు తప్పినా తలెత్తుకోలేం అన్నది ఆయన పట్టు. ఇప్పుడు కూతురు రూపశ్రీ పెళ్ళి వచ్చింది. నెల క్రితం ఐదు గోనెసంచులు తెచ్చి మా గుమ్మంలో దించి, "పాపా, దీంట్లో ఉండే పేర్లన్నీ కంప్యూటర్లో ఎక్కించు" అన్నాడు. ఆరు వేల నూట నలభై పేర్లు. నెల రోజులు నా కలల్లో కూడా మామిడాకుల తోరణాలూ వినాయకుడి బొమ్మలే.

రెండో జాబితా ఇప్పటికే పిలిచినవాళ్ళది. మేనల్లుళ్ళు, బావమరుదులు, అన్నదమ్ములు తలా ఒక దిక్కు తిరిగి పిలుపులు పిలిచి, ఎవరి పేర్లు వాళ్ళు ఫోన్లో పంపారు. అది ఆరు వేలకు కొంచెం తక్కువ. పని చెప్పుకోవడానికి చిన్నదే. మొదటి జాబితాలో ఉండి రెండో జాబితాలో లేని పేర్లు తీయాలి. అంటే ఈయన్ను పిలిచి, ఈయన పిలవనివాళ్ళు. పెళ్ళి ఆదివారం. గురువారం అమావాస్య, ఆ రోజు పిలుపులకు పోరు, ఆ తర్వాత పెళ్ళి పనుల్లో తీరదు. కాబట్టి బుధవారం పన్నెండుకు రాహుకాలం మొదలయ్యేలోపు మిగిలిన పేర్లు చేతిలో పడితే, ఆ ఘడియలోనే జీపు ఎక్కి బయలుదేరాలని మామ ముహూర్తం పెట్టుకున్నాడు.

బుధవారం ఎనిమిదిన్నరకే మామ, ఆయన భార్య వరదమ్మత్త జీపులో దిగారు. చివరి అల్లుడి జాబితా ఆ పొద్దునే వచ్చింది. నేను దాన్ని కలిపి, నేను రాసిన ప్రోగ్రాం నడిపాను. తెర మీద అంకెలు మొదలయ్యాయి. ఒకటి. రెండు. మూడు.

"సూడు, ఎట్ల పోతా ఉండాదో" అన్నాడు మామ ముచ్చటగా, పొలంలో నీళ్ళు పారుతున్నట్టు చూస్తూ.

తొమ్మిదిన్నర అయింది. ఎనిమిది వందల పదిహేను దగ్గర ఉంది.

వరదమ్మత్త వేళ్ళ మీద ఏదో లెక్క వేసింది. ఆమె నాలుగో తరగతి వరకే చదివింది కానీ తోటలో కూలీల లెక్కంతా ఆమెదే. "పాపా, ఇది ఇట్లనే పోతే సాయంత్రం నాలుగవుతుంది గదమ్మా" అంది.

"అది కంప్యూటర్ పాతదత్తా. కొత్తది ఉండుంటే ఈపాటికి అయిపోయుండేది. కొత్తది పెట్టేదానికి చోటు ఎవురిస్తారు?" అని బీరువా వైపు చూపించాను. మా నాన్న కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఇంకో పావుగంట గడిచింది. మామ రెండుసార్లు గడియారం చూశాడు, ఒకసారి క్యాలెండర్ చూశాడు, రాహుకాలం ఏమైనా వెనక్కి జరిగిందేమోనని. అప్పుడు మా నాన్న స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"ఏం చేస్తా ఉండాది బేటీ అది లోపల?"

"ఏం చేస్తుందబ్బా. మొదటి లిస్టులో ఒక పేరు తీసుకుంటాది. దాంట్లో శ్రీ, గారు, చుక్కలు అన్నీ పీకి శుభ్రం చేస్తాది. రెండో లిస్టులో మొదటి పేరు కూడా శుభ్రం చేసి, రెండూ ఒకటేనా అని సూస్తాది. కాకుంటే రెండో పేరు. కాకుంటే మూడో పేరు. అట్ల కింద దాకా పోతాది."

"దొరక్కపోతే?"

"ఆరు వేలూ సూసి, లేదని రాసుకుంటాది. మళ్ళా ఇంకో పేరు."

"మళ్ళా మొదట్నుంచేనా?"

"మొదట్నుంచే."

"శుభ్రం చేసేది కూడా మళ్ళా మొదట్నుంచేనా?"

అవునని తలూపాను, తెర వైపే చూస్తూ.

మా నాన్న లేచి బీరువా దగ్గరికి పోయాడు. అక్షరాలు పేర్చే ఇనుప పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. "కుప్పయ్యన్నా, వదినా, ఇట్ల రాండి. నేనిప్పుడు ఆహ్వానము అనే మాట పేరుస్తాను. మా పాప పద్ధతిలో" అన్నాడు.

పై సొరుగు లాగాడు. మొదటి గడిలోంచి ఒక అక్షరం తీశాడు. ఎత్తి వెలుతురులో చూశాడు. గుడ్డతో తుడిచాడు. "ఇది ‘ఆ’యేనా? కాదు" అని మళ్ళీ పెట్టాడు. రెండో గడి. తీశాడు, తుడిచాడు, చూశాడు. "కాదు." మూడో గడి. అట్లా ఒక సొరుగు, రెండు సొరుగులు. వరదమ్మత్త మొదట నవ్వింది, తర్వాత ఆవలించింది. నాలుగో సొరుగులో ‘ఆ’ దొరికింది. పట్టీలో పెట్టాడు. నేను హమ్మయ్య అనుకునేలోపల మళ్ళీ పై సొరుగుకు పోయాడు.

"మళ్ళా పైకి ఎందుకప్పా బాషా?" అన్నాడు మామ.

"ఇప్పుడు ‘హ్వా’ కావల్ల గదన్నా. మొదట్నుంచి సూడల్ల."

"ఓరి నీ. ఆహ్వానము అయ్యేలోపల పిల్లకు బిడ్డ పుడతాది."

మా నాన్న పట్టీ ఖాళీ చేశాడు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి పైకి, కిందికి, పక్కకు పోయింది. టక్, టక్, టక్, టక్. నాలుగు అక్షరాలు. ఊపిరి తీసినంతసేపు పట్టలేదు. పదహారేళ్ళుగా ముట్టని పని.

"అక్షరాన్ని నేను వెతకను బేటీ" అన్నాడు కళ్ళు తెరిచి. "అక్షరమే చెప్తాది నేను యాడుంటానో. దాని గడి దానికి ఉండాది. ఆ గడిలో ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. తక్కిన గళ్ళతో నాకేం పని?"

నాకు చాలా కోపం వచ్చింది. ఆయన చెప్పింది తప్పని కాదు. ఒప్పని. అదీ కస్టమర్ల ముందు.

అయినా పందెం పందెమే కదా. కంప్యూటర్ ఆపేశాను. గంటన్నర పని ఒక్క మీటతో గాల్లో కలిసింది. మామ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేను ప్రోగ్రాం మార్చడం మొదలుపెట్టాను. పిలిచినవాళ్ళ పేర్లన్నీ మొదటి అక్షరాన్ని బట్టి గళ్ళలో వేశాను. కుప్పయ్య అయితే ‘కు’ గడి, వరదమ్మ అయితే ‘వ’ గడి. ఇక ఏ పేరు వచ్చినా దాని గడిలోనే వెతకాలి. పది ఇరవైకి మళ్ళీ నడిపాను.

ఈసారి అంకెలు కోడిపిల్లల్లా పరిగెత్తాయి. వంద, మూడు వందలు, తొమ్మిది వందలు. అక్షర క్రమంలో ఉన్న అంజమ్మలు, ఐశ్వర్యలు, గుణశేఖర్లు, జయరావులు కళ్ళ ముందే ఎగిరిపోయారు. వెయ్యి దాటింది. రెండు వేలు దాటింది. మామ "ఆహా, ఆహా" అంటూ ఒక అరటిపండు ఒలుచుకున్నాడు. నేను మా నాన్న వైపు గర్వంగా చూశాను. ఉపాయం ఆయనదే అన్న సంగతి అప్పటికే మర్చిపోయాను.

రెండు వేల నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగింది.

ఆగిందంటే పూర్తిగా ఆగలేదు. పదమూడు అయింది. కాసేపటికి పద్నాలుగు అయింది. మామ నోట్లో అరటిపండు అట్లాగే ఉంది.

"ఏమైంది పాపా?"

నేను ఆ పేర్లు తెర మీద వచ్చేట్టు చేశాను. మునిరత్నం, పుత్తూరు. మునికృష్ణ, నగరి. మునెమ్మ, వడమాలపేట. మునిరాజ. మునిశేఖర్. మునిలక్ష్మి. మునిరామయ్య. మునిచంద్ర. ఇంకో మునిరత్నం. మునిప్రసాద్. మునెయ్య. కిందికి జరిపాను. ముని, ముని, ముని. ఇంకా జరిపాను. నా వేలు నొప్పి పుట్టింది గానీ మునులు అయిపోలేదు.

మా జిల్లాలో ఊరికో మునీశ్వరుడు ఉంటాడు. పుట్టిన బిడ్డ నిలవాలని ఆయనకు మొక్కుకుంటారు, నిలిచాక ఆయన పేరే పెడతారు. మగబిడ్డకు ముందు ముని, ఆడబిడ్డకు ముందు ముని. ఇది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. నా బెంచీలో ఇటుపక్క ఒక మునిలక్ష్మి, అటుపక్క ఒక మునికుమారి కూర్చుని చదువుకున్నారు. అయినా పేర్లను మొదటి అక్షరంతో విడదీయాలని ఈ జిల్లాలోనే పుట్టి పెరిగిన నాకే తోచింది. ఇంకో జిల్లా వాళ్ళకు తోచుంటే పని జరిగిపోయేదేమో. మామ జాబితాలో సరిగ్గా సగం మంది మునులు, పిలిచినవాళ్ళలో సగం మంది మునులు. అందరూ ఒకే గడిలో దూరి కూర్చున్నారు. మూడు వేల మంది మునులను ఇంకో మూడు వేల మంది మునుల్లో ఒక్కొక్కరిగా వెతుకుతూ ఉంది నా కంప్యూటర్. తక్కిన గళ్ళన్నీ ఖాళీగా ఈగలు తోలుకుంటున్నాయి.

వరదమ్మత్త మళ్ళీ వేళ్ళు మడిచింది. "పన్నెండూ పదికి అవుతాది" అని తేల్చింది.

"రాహుకాలం వచ్చేస్తాది!" అన్నాడు మామ.

"పది నిమిషాలే గదయ్యా."

"పది నిమిషాలైనా రాహువు రాహువే. నేను అడుగు బయట పెట్టను. ఒకటిన్నరకు బయల్దేరితే నారాయణవనం పోయేటప్పటికి పొద్దుగూకుతాది. ఆడ ఏ మునిరామయ్యో మిగిలిపోయింటే ఇంగ నా మొగం సూడడు. నేను సావల్ల ఇంగ."

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. మామ కోసం కాదు, నిజం చెప్పాలంటే నా గోడ కోసం. పది నిమిషాల తేడాతో ఆ సీసం బీరువా జీవితాంతం నన్ను చూసి నవ్వుతుందే అని.

మా నాన్న చోట పట్టుదల ఉన్న మనిషైతే అప్పుడు గమ్మున కూర్చోవాలి. ఇంకో గంట నోరు మెదపకుండా ఉంటే పందెం ఆయనదే, బీరువా ఆయనదే. నేనైతే అట్లాగే కూర్చునేదాన్ని. ఆయన మాత్రం కింది సొరుగు లాగి, "ఇట్ల రా" అన్నాడు.

ఆ సొరుగులో ఒక గడి తక్కినవాటికి రెండింతలు ఉంది. మధ్యలో ఉన్న చెక్కను ఎప్పుడో ఉలితో కొట్టేసిన గుర్తులు కనిపిస్తున్నాయి.

"ఇది ‘ము’ గడి. ఈ బీరువా మద్రాసు నుంచి వచ్చినప్పుడు అన్ని గళ్ళ మాదిరే ఉండె. నెల తిరక్కుండానే నాకు ‘ము’ చాలలేదు. రెండు గళ్ళు కొట్టి ఒకటి చేసినాను. అయినా చాలదు. పెండ్లిళ్ళ కాలంలో పక్క ప్రెస్సులో అడిగి తెచ్చుకునేటోణ్ణి. మన ఊర్లో మునిని పట్టుకుంటే ఎవురూ దొరకరు బేటీ. అది అందరికీ ఉండేదే. మనిషికీ మనిషికీ తేడా యాడుండాదో ఆడ పట్టుకో. ముని తర్వాత ఏముండాది? ఏ ఊరు? ఇనిషియల్ ఏంది? అన్నీ కలిపితే ఎవురి గడి వాళ్ళకు రాదా?"

ఎవరి గడి వాళ్ళకు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. బీసీఏ రెండో సంవత్సరంలో ఇదే ప్రశ్న పది మార్కులకు వచ్చింది. పేరంతటినీ ఒక అంకెగా మార్చి, ఆ అంకె చెప్పిన గడిలో పెట్టడం, మళ్ళీ కావాలన్నప్పుడు నేరుగా ఆ గడికే పోవడం. మూడు పేజీలు రాశాను, స్కేలుతో గీసి బొమ్మ కూడా వేశాను. తొమ్మిది మార్కులు వచ్చాయి. ఇంటికొచ్చి ఆ తొమ్మిది మార్కులు మా నాన్నకు చూపించాను కూడా. అదే బొమ్మ చెక్కతో చేసి మా గోడకు ఆనించి ఉంటే, ఆరు నెలలుగా దాన్ని పాత సామాను కింద పంపాలని చూస్తున్నాను.

నేను మళ్ళీ కంప్యూటర్ ఆపాను. మామ ఈసారి గుండె మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. ప్రోగ్రాంలో సగం కొట్టేశాను. ప్రతి పేరునూ ఒక్కసారే శుభ్రం చేయాలి. ఇనిషియల్, పేరు, ఊరు అన్నీ కలిపితే ఒక గడి. పిలిచినవాళ్ళందరినీ వాళ్ళ వాళ్ళ గళ్ళలో పెట్టాలి. తర్వాత గోనెసంచి పేర్లు ఒక్కొక్కటి తీసుకుని, నీ గడిలో నువ్వున్నావా అని ఒక్క మాట అడగాలి. అంతే. రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది, అందులో పదిహేను నిమిషాలు తప్పులు దిద్దడానికే. పదకొండుం పావుకు మీట నొక్కాను.

మామ అంకెలు చూద్దామని తెర దగ్గరికి వంగాడు. ఆయన వంగేలోపల అయిపోయింది.

రెండు సెకన్లు. మిగిలినవాళ్ళు రెండు వందల పదిహేడు మంది. తెర మీద పేర్లు, ఊళ్ళు వరుసగా నిలబడి ఉన్నాయి.

నేను కుర్చీలోంచి లేచి అరిచాను. పక్క లాడ్జి వాచ్‌మన్ తొంగి చూసిపోయాడు. మా నాన్న తలూపి, లేచి, మూలనున్న ఖాళీ సంచి తీసుకున్నాడు. పై సొరుగు లాగి, అందులోని అక్షరాలను సంచిలోకి ఒంపడం మొదలుపెట్టాడు. మాటంటే మాటే ఆయనకు. సీసం అక్షరాలు సంచిలో పడుతున్న చప్పుడు విని నా అరుపు సగంలోనే ఆగింది.

"ఆగండాగండి" అన్నాడు కుప్పయ్య మామ. "ఇది నేను నమ్మను."

"ఏందన్నా?"

"పొద్దున గంటసేపు కిందామీదా పడి వెయ్యి పేర్లు కూడా సూడలేకపోయింది. ఇప్పుడు రెప్ప కొట్టేలోపల ఆరు వేలు సూసేసిందా? సరిగ్గా సూసిండదప్పా. పైపైన సూసి ఉంటాది. పని తప్పించుకునేటోళ్ళు ఇట్లనే చేస్తారు."

నేను ఎంత చెప్పినా వినడే. నిదానంగా చేస్తే ఆలస్యమని బాధ, తొందరగా చేస్తే అనుమానం. చివరికి ఆయనే ఒక పరీక్ష పెట్టాడు. మిగిలిన జాబితాలో అక్కడొకటి ఇక్కడొకటి పేర్లు చదవమన్నాడు, అందులో తను పిలిచినవాడు ఒక్కడున్నా కంప్యూటర్ అబద్ధమాడినట్టే.

నేను చదివాను. ఒక్కో పేరుకు భార్యాభర్తలిద్దరూ నాలుక కరుచుకున్నారు. "అయ్యో, కార్వేటినగరం జయరావు! ఎట్ల మర్సిపోయినాం!" అని ఒకసారి, "నగరి మునిరత్నమ్మ, మన పిల్ల చెవులు కుట్టినప్పుడు వెండి గిన్నె పెట్టింది గదయ్యా" అని ఒకసారి. పద్దెనిమిది పేర్లు అయ్యాయి. పంతొమ్మిదోది చదివాను.

"సుభాన్ బాషా, ప్రెస్సు, తిరుపతి."

చదివాక గానీ అది ఎవరి పేరో నాకు తట్టలేదు.

మామ తొడ చరిచాడు. "దొరికింది! సూసినావా, తప్పు! బాషాను పిలవకుండా ఉంటానా? పత్రిక అచ్చేసిందే బాషా!"

వరదమ్మత్త ఆయన వైపు తిరిగింది. "అచ్చేసింది ఆయన. పిలిచింది ఎవురు?"

"పత్రిక మొదట సూసిందే బాషా గదే."

"సూస్తే పిలిచినట్టా? నువ్వు పత్రిక ఆయన చేతిలో పెట్టి, రా బాషా, మా ఇంట్లో పెండ్లి అన్నావా?"

గోనెసంచిలో మా అక్క గుల్నాజ్ నిఖా పత్రిక ఉంది. పదకొండేళ్ళ క్రితం మా నాన్న వడమాలపేట పోయి చేతికిచ్చి వచ్చాడు. దాన్ని నేనే టైపు చేశాను. వేళ్ళు చేశాయి గానీ తల చూడలేదు.

"పోనీలే వదినా" అన్నాడు మా నాన్న, సంచి వైపే చూస్తూ. "ప్రెస్సోళ్ళను ఎవురు పిలుస్తారు? అందరూ ఇట్లనే. పత్రిక మా చేతిమీదుగానే పోతాది గదా, పిలిచినట్టే అనుకుంటారు. నాకు అలవాటే."

అలవాటే అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. ఎన్ని వేల పెళ్ళిళ్ళకు సకుటుంబ సపరివార సమేతంగా అని ఈయన చేత్తో పేర్చి ఉంటాడు! కస్టమర్ల ఇంటి నుంచి ఒక్క పత్రిక మా ఇంటికి వచ్చిన గుర్తు నాకు లేదు. ఇంతసేపు ఆయన మీద గెలిచానని కేకలు పెట్టినందుకు సిగ్గేసింది.

వరదమ్మత్త లేచి చీర కొంగు సర్దుకుంది. "టైమెంత పాపా? పదకొండూ నలభై. రాహుకాలం ఇంకా రాలేదు. లెయ్ అయ్యా." జీపులోంచి పత్రికల కట్ట, అరటిపండ్లు, తమలపాకులు తెచ్చింది. పళ్ళెం మాత్రం ఎక్కడో పిలుపుల ఇంట్లోనే మర్చిపోయి వచ్చారట. ఆమె చుట్టూ చూసి, మా నాన్న ఖాళీ చేసిన సొరుగును లాగి అందులోనే అన్నీ అమర్చింది. తమలపాకులు ‘క’ గడిలో, వక్కలు ‘గ’ గడిలో, పండ్లు ఎందులోనూ పట్టక అడ్డంగా, వాటి మీద పత్రిక. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని మా నాన్న ముందు నిలబడ్డారు.

"బాషా" అన్నాడు మామ గొంతు సవరించుకుని, "ఆదివారం మా రూపశ్రీ పెండ్లి. నువ్వు, ఆయిషమ్మ, పిల్లలు, అందరూ రావల్ల. రాకపోతే నా మింద ఒట్టే."

మా నాన్న చేతులు చొక్కాకు తుడుచుకుని పత్రిక అందుకున్నాడు. తెరిచాడు. తను అచ్చేసిన పత్రికనే పైనుంచి కింది దాకా, ఎప్పుడూ చూడనట్టు, నిదానంగా చదివాడు. "వస్తామన్నా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మునస్వామి ఆటో వచ్చి ఆగింది. తలపాగా చుట్టుకుంటూ లోపలికొచ్చి బీరువాను పైనుంచి కిందికి చూసి, "ఇదేనా పాపా? నలుగురు పట్టల్ల" అన్నాడు. మామను చూసి నమస్కారం పెట్టి, "నన్ను పిలిచినారా లేదా?" అని కూడా అడిగాడు. నేను పేరు కొట్టాను. చేయి తీసేలోపల జవాబు వచ్చింది. మునస్వామి, రేణిగుంట, సోమవారమే పిలిచారు. "అవునవును, మా ఇంటిది చెప్పింది" అన్నాడు.

వరదమ్మత్త కంప్యూటర్ వైపు అబ్బురంగా చూసింది. రెండు వందల పదిహేడు పేర్ల కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటూ, మనసులో ఏమీ పెట్టుకోకుండా నన్ను అడిగింది. "అవును పాపా, ఇది ఇంత బాగా పరిగెత్తుతా ఉంటే మళ్ళా కొత్తదెందుకమ్మా నీకు?"

నేను నోరు తెరిచాను. పాతది, నిదానం, పనికిరాదు అని ఆరు నెలలుగా చెప్తున్న మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. నా వెనక తెర మీద రెండు సెకన్లు అని అక్షరాలు వెలుగుతూ ఉన్నాయి.

జీపు పదకొండూ యాభై రెండుకు కదిలింది. మామ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నేను లోపలికొచ్చి మా నాన్నను చూశాను. ఆయన రెండో సొరుగు లాగుతున్నాడు.

"అబ్బా."

"ఆఁ."

"నీకు ముందే తెలుసు గదా?"

"ఏంది?"

"ఉపాయం చెప్తే ఈ కంప్యూటరే పరిగెత్తుతాదని. పరిగెత్తితే కొత్తది అడిగేదానికి నాకు నోరు ఉండదని."

"నాకేం తెలుసు బేటీ" అన్నాడు గడ్డం గోక్కుంటూ. "నేను చదివింది ఐదో తరగతి." గడ్డం వెనక నవ్వుతున్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నాకైతే ఆయన్ను కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చేయలేక ఆయన చేతిలో ఉన్న సొరుగు లాక్కున్నాను.

"మునస్వామన్నా, బీరువా లేదు, ఏమీ లేదు. నువ్వు పో."

"పో అంటే? రేణిగుంట నుంచి వచ్చినాను!"

"అయితే ఆ మూలనున్న ఫ్యాను ఎత్తుకుపో. రెండు ఎండాకాలాలు పోయినా తిరగలేదు."

మునస్వామి గొణుక్కుంటూ ఫ్యాను చంకన పెట్టుకుని పోయాడు. నేను నేల మీద కూర్చుని సంచి బోర్లించాను. ఒక సొరుగు నిండా అక్షరాలు కుప్పగా పడ్డాయి. ఒక్కొక్కటి తీసి, తిప్పి చూసి, దాని గడి కోసం పైనుంచి వెతకడం మొదలుపెట్టాను. ఇరవై అక్షరాలకే మెడ పట్టేసింది. మా నాన్న స్టూలు మీద కూర్చుని పత్రిక మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటున్నాడు. చేతికి ఒక ‘ము’ వచ్చింది, ఏ సొరుగులోంచి జారి పడిందో ఏమో.

"అబ్బా, ఇది యాడ?"

ఆయన పత్రికలోంచి తలెత్తలేదు. "ఏ అక్షరమో సూసినావు గదా, ఇంగ నన్నెందుకు అడిగేది? కింద, పెద్ద గడి."